బావురుపిల్లి ఏడో ఇల్లు

కుట్టుమిషను అత్త పొద్దున లేస్తూనే రెండు పనులు చేసేది. మిషనుకి నూనె వేసేది, అల్లుణ్ణి దెప్పేది. నూనె వెయ్యడం ఒక్కోరోజు మరిచిపోయేది కూడా.

"అల్లుడుగారికి టిఫిను పక్క మీదికే పంపమంటారా, లేక వంటింటి దాకా దయచేస్తారా?"

"వస్తున్నా అత్తయ్యా."

ఉన్నది ఒకటే గది. పగలు అందులో అత్త జాకెట్లు కుట్టేది, రాత్రి కూతురూ ఇల్లరికపు అల్లుడూ పడుకునేవారు. అత్త పడక వంటింట్లో. కూతురికి నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డ ఎక్కడ పడుకుంటుందన్నది ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని మాట.

అల్లుడు పొక్లెయిన్ నడిపేవాడు. ఆ యంత్రం చేపల చెరువుల ఆసామిది. ఆసామి పిల్లికి బిచ్చం పెట్టని మనిషని ఊరంతా అనేది, అదీ ఆయన ఎదురుగా లేనప్పుడు. అలాంటివాడు, ఊరవతల మిగిలిన జమ్ము మడుగు పూడ్చి చెరువులు తవ్విపెడితే గట్టు మీద రెండు గదుల ఇల్లు ఇస్తానన్నాడు. అల్లుడు చివరి జమ్ము దుబ్బు దాకా పూడ్చేశాడు.

ఆ సాయంత్రం బావురుపిల్లి ఊళ్ళోకొచ్చింది. ఇంటిపిల్లికి రెండింతలుంటుంది, కాలివేళ్ళ మధ్య పొర ఉంటుంది, చేప కనిపిస్తే నీళ్ళలోకి దూకేస్తుంది. ఒకప్పుడు మడుగు నిండా ఉండేవి. కొన్ని లారీల కింద పడ్డాయి, కొన్ని ఆసామి వేయించిన ఉచ్చుల్లో పోయాయి. మిగిలింది ఈ తల్లి, దాని రెండు కూనలు.

ముందు పోస్టుమాస్టరు ఇంట్లో, బీరువా కింద కూనల్ని పెట్టింది. తెల్లారేసరికి అక్కడ మడుగు మొలిచింది. మోకాలి లోతు నీళ్ళు, బీరువా ఎత్తున జమ్ము, కప్పలు. పిల్లి వెంట మడుగు రావడం ఎవరికీ వింతగా తోచలేదు. ఇల్లు మారేవాళ్ళు సామాను తెచ్చుకోరా? పోస్టుమాస్టరుకి కోపమంతా దోమల మీదే.

"పోనిద్దురూ, మనది మొదటిల్లేగా," అంది ఆయన భార్య. పిల్లి కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందనీ, ఏడో ఇంట్లో కుదురుకుంటుందనీ అందరికీ తెలుసు. అన్నట్టే మూడోనాడు వెళ్ళిపోయింది, నీళ్ళూ దానితో పాటే పోయాయి. గచ్చు మీద రెండు నత్తలు మిగిలాయి.

తర్వాత సంగీతం టీచరమ్మ ఇల్లు. అక్కడి కప్పలు ఆవిడ శిష్యుల కన్నా శ్రుతిలో ఉన్నాయని పక్కింటివాళ్ళు చెప్పారు. తర్వాత మందుల షాపతని ఇల్లు, తర్వాత మరొకటి. ఎవరూ దాన్ని కొట్టలేదు, ఎవరూ ఉండమనలేదు. మాది ఏడోది కాదుగా అని అందరూ మంచివాళ్ళుగానే ఉన్నారు. ఆరోది కూడా దాటాక మాత్రం ఊళ్ళో తలుపులన్నీ మూతపడ్డాయి.

అప్పుడు ఆసామి అల్లుణ్ణి పిలిచి చేతిలో ఒక తీగ ఉచ్చు పెట్టాడు.

"గట్టు మీది నీ ఇల్లు తెరిపించానురా. ఇంకెక్కడా చోటు లేదు కాబట్టి అది అక్కడికే వస్తుంది. గుమ్మంలో ఇది బిగించు. పిల్లి పోతే మడుగు బెడదా పోతుంది. మర్నాడే తాళాలు నీవి."

"కూనలో అయ్యా?"

"తల్లి లేని కూనలు ఎన్నాళ్ళుంటాయి? అదీ నేనే చెప్పాలా?"

అల్లుడు తీగ పట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఏంటది అల్లుడుగారూ, బట్టలారేసుకునే తీగా?"

"ఇల్లు, అత్తయ్యా."

సంగతంతా చెప్పాడు. భార్య పొట్ట మీద చెయ్యి వేసుకుని గోడకి ఆనుకుంది.

"పిల్లల తల్లిని ఉరి తీసిన గుమ్మంలోంచి నేను బిడ్డనెత్తుకుని ఎలా వస్తానండీ?"

"మరి ఇక్కడ ఎక్కడ పడుకోబెడదాం? మిషను మీదా?"

"అది నాకు తెలీదు. ఆ గుమ్మం మాత్రం దాటను."

మర్నాడు మధ్యాహ్నం అతను గట్టుకి వెళ్ళాడు. కొత్త ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. బావురుపిల్లి పొక్లెయిన్ నీడలో కూర్చుని ఆ గుమ్మం వైపే చూస్తోంది. నోట్లో ఒక కూన, కాళ్ళ దగ్గర ఒకటి. సున్నం వాసన ఆరని రెండు గదుల్లోకీ అతను ఒకసారి తొంగి చూశాడు. తూర్పు గదిలో ఎండ బాగా పడుతోంది. తర్వాత తలుపులు లాగి గొళ్ళెం పెట్టాడు. వచ్చి యంత్రం క్యాబిన్ తెరిచాడు, భుజం మీది తువ్వాలు సీటు కింద పరిచాడు, దిగి దూరంగా నిలబడ్డాడు.

"ఆ ఇల్లు నీకొద్దులే తల్లీ. ఇది చూడు. గది ఒకటే గానీ, గాలి బాగా వస్తుంది."

అది కాసేపు ఆలోచించింది. తర్వాత కూనల్ని ఒక్కొక్కటిగా పైకి మోసుకెళ్ళింది.

పొద్దు వాలేసరికి క్యాబిన్‌లోంచి నీళ్ళు మెట్టు మీదుగా కారుతున్నాయి. తెల్లారేసరికి పొక్లెయిన్ కప్పు దాకా దిగబడింది. గట్లు కరిగిపోయాయి, మడుగు దాని పాత చోటంతా పరుచుకుంది, జమ్ము మనిషెత్తు లేచింది. రెండు గదుల ఇంట్లో కిటికీ దాకా నీళ్ళు. క్యాబిన్ కప్పు మీద బావురుపిల్లి ఒళ్ళు నాక్కుంటోంది.

"అది ఇల్లట్రా? యంత్రంరా! లెక్కలోకి రాదు!" అని ఆసామి ఒడ్డున నిలబడి అరిచాడు.

ఊరు తీరిగ్గా చర్చించింది. తలుపుంది, కప్పుంది, కూర్చోవడానికి సీటుంది కాబట్టి ఇల్లేనన్నాడు పోస్టుమాస్టరు. తను అంతకన్నా ఇరుకు కొంపలో పదేళ్ళు కాపురం చేశానంది టీచరమ్మ. ఏడో ఇల్లని తేలిపోయాక ఇక దాన్ని కదిలించే మాటే లేదు. ఆసామి అల్లుణ్ణి పనిలోంచి తీసేశాడు.

అల్లుడు నడుము దాకా బురదతో ఇంటికొచ్చాడు. పని లేదు, ఇల్లు లేదు, తువ్వాలు కూడా లేదు. దెప్పడానికి ఇంత సరుకు ఒక్కసారే దొరకడం అత్తకి అదే మొదలు. ఆవిడ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. మిషను ఆపి లేచి, బట్టలు కత్తిరించే పెద్ద బల్లకి ఒక కొస పట్టుకుంది.

"అటు పట్టుకో నాయనా," అంది.

ఇద్దరూ బల్లని వరండాలోకి మోశారు. మావగారు పోయిననాడు కూడా కదలని బల్ల అది. దాని కింద, గది మూలన, ఉయ్యాల పట్టేంత చోటు బయటపడింది. కూతురు చీపురు తెచ్చింది.