బాపిరాజు కడుపునొప్పి

గుండుగొలను బాపిరాజు లక్షణమైన కుర్రాడు. రాజమండ్రిలో బి.ఏ. చదువుతున్న ఆ లక్షణానికి ఇప్పుడు లక్షణాలే దిగులు. నాలుగు నెలల కిందట స్నేహితుల వెంట వెళ్ళకూడని ఇంటికి ఒకసారి వెళ్ళాడు. మొన్న ఒంటిమీద ఎర్రటి మచ్చలు కనిపించాయి. సుఖరోగం అంటారు గాని, అందులో సుఖం పావుగంట, రోగం పావు శతాబ్దం. మాఘంలో తాడేపల్లిగూడెం వెంకట్రాజుగారి అమ్మాయి రత్నమాణిక్యంతో పెళ్ళి. రోగమే అయితే ఆ పిల్లకు అంటించడం కంటే సంబంధం వదులుకోవడం మేలనుకున్నాడు. రాజమండ్రిలో తెలిసినవాళ్ళు చూస్తారని ఏలూరు మిషను ఆసుపత్రికి వచ్చాడు.

అక్కడి పద్ధతి వేరు. డాక్టరు రాకముందే కృపమ్మగారనే పెద్దావిడ వరండాలో ఒక్కొక్కరి పేరూ, రోగమూ అడిగి, పేరుపేరునా గట్టిగా ప్రార్థన చేస్తుంది. వెనకే కాంపౌండరు అహరోను.

“నీకేం బాబూ?”

నలభైమంది చూస్తున్నారు. “కడుపునొప్పండీ.”

“ప్రభువా, ఈ బాపిరాజు కడుపు చల్లగా చూడు తండ్రీ.”

అహరోను గ్లాసెడు ఆముదం అందించాడు. “తాగెయ్యండి. డాక్టరుగారొచ్చేసరికి సుబ్బరంగా ఉంటాదండి.”

కాదంటే నిజం చెప్పాలి. తాగాడు. ఆముదంలో ‘ముదం’ పెట్టిన మహానుభావుడెవరో గాని, తాగి మాత్రం ఉండడు.

మూడుసార్లు పెరట్లోకి పరుగెత్తేసరికి కడుపుతోపాటు సిగ్గూ ఖాళీ అయింది. డాక్టరు సత్యవేదంగారికి ఉన్నదంతా చెప్పాడు.

“ఈ మాట ముందే చెబితే ఆముదం తప్పేది కదయ్యా” అని ఆయన రక్తం తీసి పరీక్షకు మద్రాసు పంపారు.

పదిహేను రోజులకు జవాబు వచ్చింది. ఏమీ లేకపోతేనే నెగ్గే పరీక్ష బాపిరాజు అంతకుముందు రాయలేదు.

“రోగం లేదు. మచ్చలు ఉత్త చెమటవి. పెళ్ళి చేసుకో. మళ్ళీ ఆ వైపు వెళ్ళకు” అన్నారు డాక్టరుగారు.

భీమడోలులో దిగి ఇంటికి పోవలసినవాడు, ఆనందం పట్టలేక రైల్లోనే గూడెం దాకా వెళ్ళిపోయాడు.

“ఏం బాబూ, ఇలా వచ్చారు?” అన్నారు అరుగుమీది వెంకట్రాజుగారు.

“రోగం లేదండీ” అన్నాడు. ఆపైన అనుమానం ఎందుకొచ్చిందో కూడా చెప్పేశాడు.

ఆయన మొహం గంటు పెట్టుకున్నారు. “నేనడిగానా?”

“అడక్కపోయినా తమరికి తెలియాలండీ.”

తలుపు వెనక గాజులు కదిలాయి.

“నాన్నగారండీ, ఇంత దూరమొచ్చి నిజం చెప్పినోరిని ఎండలో నిలబెడతారేంటండీ. మజ్జిగ తెస్తున్నాను. ఆ స్నేహితుల వెంట ఇంక తిరగనని మాత్రం చెప్పించండి.”

రత్నమాణిక్యం గొంతు బాపిరాజు వినడం అదే మొదలు.

“తిరగనండీ” అన్నాడు తలుపుతో.

“నేనింకా అడగలేదయ్యా” అంటూ వెంకట్రాజుగారు చాపమీద పక్కకు జరిగారు.