గోరంత సందు

అద్దాలు బిగించేవాడు ఏ ఇంటికెళ్ళినా ముందు టేపు తీయడు. గోడకి అరచెయ్యి ఆనించి నిలబడతాడు. గోడ ఊపిరి పీల్చి ఉబ్బుతుంది, వదిలి సర్దుకుంటుంది. వదిలినప్పుడు కొలిచి, చుట్టూ గోరంత సందు ఉంచి అద్దం కొయ్యాలి. లేకపోతే మళ్ళీ పీల్చినప్పుడు కిటికీ బిగిసి అద్దం పగులుతుంది. గోడలూ, కొండలూ, చుక్కలూ అన్నిటికీ ఊపిరి ఒక్కటేనని బళ్ళో పిల్లలకి చెప్పేదే. ముప్పై ఏళ్ళలో తన అద్దం ఒక్కటీ పగల్లేదని అతను అడిగినవాళ్ళకీ చెబుతాడు, అడగనివాళ్ళకీ చెబుతాడు.

ఈ ఏడు మాత్రం గోడలు సరిగా ఉబ్బడం లేదు, సందులు మూసుకోవడం లేదు.

"ఏమయ్యా, సందుల్లోంచి ఒకటే దుమ్ము. గోడలు గానీ చచ్చాయా?" అంది ఎదురింటి దర్జీ ఆవిడ.

"లోకం ముసలిదైందమ్మా. మనమేమన్నా పడుచువాళ్ళమా?" అని నవ్వేశాడు గానీ, లోపల గుబులుగానే ఉంది.

ఇంట్లో భార్య ఊపిరితిత్తులు పాడై మంచం పట్టింది. సగం పీల్చి, కాస్త ఆగి, మిగతా సగం పీల్చేది. చిటికెడు దుమ్ము తగిలినా తన చేతుల్లో లేదన్నాడు డాక్టరు. అతను పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా పడకగది గోడ పట్టుకుని నిలబడ్డాడు. గోడ కదల్లేదు. ఇక కదలదనుకున్నాడు. కిటికీకి సరిగ్గా సరిపోయేలా అద్దం కోసి బిగించేశాడు.

"సందు వదిలావా?" అంది ఆమె.

"ఆ, వదిలాను."

ఆమె పడుకున్నచోటు నుంచే గోడ మీద చెయ్యి వేసింది. "పాపం, దీనికీ నాలాగే ఊపిరాడటం లేదు. చోటుంటే పీల్చుకునేదేమో."

"గోడ సంగతి తర్వాత. ముందు నీ సంగతి చూసుకో."

తొమ్మిది రోజులు దగ్గు తగ్గింది. పిచ్చివాడు, ఆశ పెట్టుకున్నాడు. పదో రోజు మధ్యాహ్నం గ్లాసుతో నీళ్ళు పట్టుకొచ్చేసరికి ఆమె పొడుగ్గా ఊపిరి వదిలింది. మళ్ళీ పీలుస్తుందని గ్లాసు పట్టుకునే చూశాడు. ఆమె పీల్చలేదు. గోడ పీల్చింది. వెనకటిలాగా నిండుగా పీల్చింది. అద్దం ఈ మూల నుంచి ఆ మూలకి పగిలింది.

వీధిలో జనం బయటికొచ్చి గోడలు తడిమి చూసుకున్నారు. "అమ్మయ్య!" అనుకుని ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళ అద్దాలు ఒక్కటీ పగల్లేదు.

ఆమెని సాగనంపి వచ్చాక పగిలిన ముక్కలు ఏరాడు. కొత్త అద్దం కొలవడానికి గోడకి చెయ్యి ఆనించాడు. గోడ సగం పీల్చింది. కాస్త ఆగింది. మిగతా సగం పీల్చింది.

అతను గోడకి తల ఆనించి గొల్లుమన్నాడు. ఆ తర్వాత, గోడ ఊపిరి వదిలేదాకా ఆగి, కొలత తీసుకున్నాడు. ఈసారి గోరంత సందు వదిలాడు. అందులోంచి దుమ్ము వచ్చి ఖాళీ మంచం మీద పడుతూ ఉంటే తుడవలేదు.