ఒకరి నించి ఒకరికి

బట్టల మిల్లులో ఆవిడకి డేగ అని పేరు. కింద లైటు వెలిగే గాజుబల్ల మీద బట్ట జారిపోతుంటే, తెగిన పోగు ఎక్కడున్నా పట్టేసి ఎర్ర స్టిక్కరు అంటించడం ఆవిడ పని. ఇరవై రెండేళ్లలో ఆవిడ చూసి పంపిన తాను ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ కళ్లకి ఇంటికొచ్చాక కూడా విశ్రాంతి ఉండేది కాదు, అదే వచ్చిన చిక్కు.

నాలుగేళ్ల కిందట అక్కడ దురద మొదలైంది. ఎవరితోనైనా చెప్పుకునే చోటా అది? మందుల షాపులో చీటీ రాసి ఇచ్చింది. షాపతను తలెత్తకుండానే ఒక ట్యూబు బల్ల మీద పెట్టాడు. "మీ ఆయన్ని కూడా రాసుకోమనండి. ఇవి ఒకరి నించి ఒకరికి అంటుకుంటాయి" అన్నాడు.

దురద కన్నా ఆ మాట ఎక్కువ పాకింది. తనకి మిల్లు, ఇల్లు తప్ప మూడో చోటు తెలీదు. ఇక మిగిలింది ఎవరు?

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజుకో భవనం, పూటకో అంతస్తు. "ఒకరి నించి ఒకరికి అంటుకుంటుందట, రాసుకోండి" అని ట్యూబు ఆయన ముందు పడేసి, మొహంలోకి చూసింది. ఆయన కిక్కురుమనకుండా తీసుకున్నాడు. చూశావా, గుమ్మడికాయ దొంగంటే భుజాలు కూడా తడుముకోలేదు, ఎంత గట్టి దొంగో అనుకుంది. చొక్కాలు ఉతికే ముందు వాసన చూసింది, జేబులు తిరగేసింది. ఏమీ దొరకలేదు. దొరకనకొద్దీ అనుమానం బలిసింది. పక్కలు వేరయ్యాయి. ఎందుకని ఆయన అడగలేదు. నెలనెలా కొత్త ట్యూబు మాత్రం తెచ్చిపెట్టేవాడు.

చివరికి చర్మం పగిలి, కుర్చీలో కూర్చోవడమే గండమైంది. అప్పుడు ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, "ఇది చర్మం సంగతమ్మా. ఇలాంటివే చూసే స్పెషలిస్టు ఉన్నారు" అని పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చింది. అక్కడికి చర్మం డాక్టరెందుకు? ఏదో పాడురోగమే, మొహం మీద చెప్పలేక తప్పించుకుంటోంది అనుకుంది. అంటించిన కవరుని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి చదవబోయింది కూడా.

స్పెషలిస్టు నెరిసిన జుట్టావిడ. "ఎప్పుడైనా మీరు చూసుకున్నారా?" అని అడిగింది.

"ఛీ, అక్కడేం చూస్తామండీ!"

డాక్టరు దీపం దగ్గరికి లాగి, చిన్న అద్దం చేతికిచ్చింది. పోగు తెగితే పట్టే మనిషి, నాలుగేళ్లకి మొదటిసారి చూసుకుంది. చర్మం తెల్లగా, ఉతికి ఉతికి నలిగిన బట్టలా పలచబడి ఉంది. ఏడుపొచ్చింది.

"దీన్ని లైకెన్ స్క్లెరోసస్ అంటారు. రోగాలతో పోరాడాల్సిన మన ఒంటి కాపలాయే పొరపాటున మన చర్మం మీద పడుతుందని మా అంచనా. పూర్తిగా పోదు గానీ, నేనిచ్చే ఆయింట్‌మెంటుతో అదుపులో ఉంటుంది. చాలా కొద్దిమందిలో కేన్సరుగా మారొచ్చు, అందుకని చూపించుకోవడం మానకండి. ఆ పాత ట్యూబు దీనికి పనికిరాదు."

"ఎవరి నించి వచ్చిందండీ?"

"ఎవరి నించీ రాదు. ఎవరికీ అంటుకోదు."

"అదే మాట కాగితం మీద రాసివ్వండి" అంది. డాక్టరు నవ్వలేదు. రాసి, సంతకం పెట్టి ఇచ్చింది.

సగం రోజు సెలవు పెట్టి వెంట వచ్చిన భర్త బయట బెంచీ మీద ఉన్నాడు. కాగితం ఆయన చేతిలో పెట్టి, క్షమాపణ ఎలా మొదలెట్టాలా అని చీర చెంగు నలుపుతూ నిలబడింది. ఆయన రెండుసార్లు చదివాడు. గ్రీజు మరకల వేలు ఒక్కో మాట కిందా జరిపాడు.

"నా వల్ల కాదని నాకు తెలుసు. నీ వల్ల కూడా కాదన్నమాట" అన్నాడు.

ఆవిడ బెంచీ మీద ఆయన పక్కన కూర్చుంది. తనకీ ఎవరో స్టిక్కరు అంటించి ఉంటారని ఏనాడూ తట్టలేదు.

"నన్నా? నన్ను అనుమానించారా?"

"ఒకరి నించి ఒకరికి అన్నావుగా. నేనెక్కడికీ పోలేదు."

"మరి నాలుగేళ్లు ఒక్క మాటైనా అడగలేదేం?"

ఆయన కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అడిగితే, అవునంటావేమోనని."