పదమూడో ఎక్కం

మా ఆయన నిజం చెప్పేటప్పుడు పెదాలు కదుపుతారు. జీతంలో ఎంత మిగిలిందనో, బస్సు ఎన్నింటికనో అడిగితే, జవాబు చెప్పే ముందు లోపల ఏదో కూడుకుంటారు. అది పెదాల మీద తెలిసిపోతుంది. అబద్ధమైతే కూడుకోవడానికి ఏముంటుంది? పెదాలు బిగుసుకుపోతాయి. పెళ్ళైన కొత్తలోనే ఈ సంగతి కనిపెట్టాను. ఎవరికీ చెప్పలేదు, ఆయనకైతే అసలే చెప్పలేదు. మొగుడి మొహం మీద పెళ్ళానికి ఆ మాత్రం హక్కుండాలి.

ఆయన పేరు శివరామకృష్ణ. రావులపాలెంలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. ఊరంతా లెక్కల మాస్టారనే పిలుస్తారు. అలాంటి మనిషికి ఫోన్‌లో చూసి చూసి పోకర్ పిచ్చి పట్టింది.

"పేకాటేగా!" అన్నాను.

"పేకాట కాదే దుర్గా, లెక్కల ఆట. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అయిదు. ఏ ముక్క వచ్చే ఛాన్స్ ఎంతో తెలిసినవాడిదే గెలుపు. ఆ జగన్నాథరావుకి శాతాలు కట్టడమే రాదు, ఇంకేం ఆడతాడు?"

జగన్నాథరావు గారు అరటి మార్కెట్‌లో కమీషన్ వ్యాపారి. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన మేడ మీద ఆట. శాతాలు రాని ఆయన గెలుస్తూ పోయారు, శాతాలు వచ్చిన మా ఆయన పోగొట్టుకుంటూ పోయారు. కొత్తపేట రోడ్డులో మేం ముచ్చటపడి కొనుక్కున్న స్థలం ఆ మేడ మెట్లెక్కి మళ్ళీ దిగలేదు.

ఓడి వచ్చినప్పుడల్లా "లెక్క ఎక్కడా తప్పలేదే" అని జుట్టు పీక్కునేవారు. ఇంకా లావుపాటి పుస్తకం తెప్పించుకుని చదివేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక ఆదివారం ఆ మేడకి రంగులు వేస్తున్నారని ఆట మా ఇంటికొచ్చింది. పకోడీల పళ్ళెం పట్టుకుని వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాను. జగన్నాథరావు గారు తన ముక్కలు చూసుకోవడం లేదు, మా ఆయన మూతి వంక చూస్తున్నారు. పెదాలు కదిలితే "ఈసారి మాస్టారిదేనండి" అని ముక్కలు పడేస్తారు. బిగుసుకుంటే, చేతిలో ఏమీ లేకుండానే పందెం కాస్తున్నారని రెట్టింపు పెడతారు. నా ఒక్కదానిదే అనుకున్న రహస్యం ఆ బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు! స్థలం పోయినందుకన్నా దానికే నాకు ఎక్కువ ఉక్రోషం వచ్చింది.

అయినా ఆయనకి చెప్పలేదు. చెబితే ఆ అలవాటు మానుకుంటారు. మానుకుంటే ఈ మనిషి నిజం చెబుతున్నారో లేదో తెలుసుకునే దారి నాకింకేముంది? అలా ఊరుకున్నాను, ఉన్న ఇల్లు అమ్మేసి అద్దెకి పోదామని ఆయన అనేదాకా.

"తప్పు మీ లెక్కలో లేదండి, మూతిలో ఉంది" అని మొత్తం చెప్పేశాను.

ఆయనకి కోపం రాలేదు. మొహం చిన్నబోయింది. "మరేం చెయ్యమంటావు?"

"చేతిలో ఏమీ లేనప్పుడు కూడా పెదాలు కదపండి. ఏదో ఒక ఎక్కం చదువుకోండి."

"పదమూడోది చదువుతా. పదమూడు నాలుగులు యాభై రెండు. పేక మొత్తం అందులోనే ఉంది" అని నవ్వారు. చాలా రోజులకి ఆయన నవ్వడం చూసి నేనూ నవ్వాను.

అక్కణ్ణుంచి గెలుపే. పోయిన స్థలం రాలేదు గానీ ఇల్లు నిలబడింది. "ఎంతైనా లెక్కలొచ్చినోళ్ళదేనండి పోకరు" అని జగన్నాథరావు గారు వీధిలో నన్ను ఆపి మరీ అన్నారు. మా ఆయనా అదే నమ్మారు. నా ఊసు ఎక్కడా రాలేదు. రాకపోతే పోయింది.

ఈ వేసవిలో ఆయనకి అన్నం సయించడం మానేసింది. చొక్కాలు వదులైపోయాయి. బలవంతాన రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు గారు పిలిచేసరికి, "నువ్వెళ్ళి నీళ్ళ సీసా పట్రా" అని నన్ను పంపించేశారు. తిరిగొచ్చేసరికి బయట బెంచీ మీద కూర్చుని చెప్పుల వంక చూసుకుంటున్నారు.

బస్సు గౌతమి వంతెన ఎక్కేదాకా ఓపిక పట్టి, అప్పుడు అడిగాను. "ఏమన్నారండి?"

"ఏముంది, కడుపులో పుండంట. నెల్లాళ్ళు మందులు వాడితే తగ్గిపోతుందన్నారు."

పెదాలు కదిలాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. మాత్రలు రోజుకెన్ని, నెలకెన్ని అని కూడుకుంటున్నారు, నిజమే చెప్పారు అనుకున్నాను. గోదారి వైపు తిరిగి దణ్ణం పెట్టబోయాను.

కానీ ఆ కదలడం ఆగలేదు. పెదాలు రెండుసార్లు కలిసి విడిపోతున్నాయి, మళ్ళీ రెండుసార్లు కలుస్తున్నాయి. నాలో నేను అని చూసుకున్నాను. పదమూడు అనాలంటే పెదాలు రెండుసార్లు కలవాలి.

చేతిలో ఏమీ లేదన్నమాట.

ఆయన నా మొహంలోకి చూస్తున్నారు, నమ్మానో లేదో అని.

"పుండేనా! ఇంకా ఏంటో అనుకుని హడలి చచ్చానండి. రేపట్నుంచి మీరు ఆవకాయ ముట్టుకుంటే ఊరుకోను" అన్నాను.

"సరేలేవే" అన్నారు. నమ్మాననుకుని కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. వంతెన దాటి, అరటి గెలల లారీలు దాటి, బస్సు ఆగేదాకా ఆ పెదాలు కదులుతూనే ఉన్నాయి. నేర్పింది నేనే, ఇక చాలు ఆపండని ఎలా చెప్పను?