చాలాసార్లు చూసిన జలపాతం

పులిహోర పూర్తిగా చల్లారితే గానీ డబ్బాలో పెట్టకూడదు. తొందరపడి పెడితే మూత కింద ఆవిరి పట్టి, మధ్యాహ్నానికి ముద్దయి కూర్చుంటుంది. ఈ సంగతి ఆ ఇంట్లో పర్సిస్‌కి తప్ప ఎవరికీ తెలియదు. తెలియవలసిన అవసరం ఎవరికీ రాలేదు. అందుకని ఆ శనివారం అందరికన్నా ముందే లేచి, నిమ్మకాయ పులిహోర కలిపి పెద్ద పళ్ళెంలో పరిచింది. గుడ్లు ఉడకబెట్టి వలిచింది. పెరుగన్నం పులవకుండా పాలు ఎక్కువ పోసి కలిపింది. ఆమె భర్త షాలేం రాజు అప్పుడే లేచి వచ్చి, పళ్ళెం అంచున ఒక జీడిపప్పు ఏరుకుని నోట్లో వేసుకుని, "బయట కొనుక్కోవచ్చు కదా పర్సీ, ఎందుకింత కష్టపడతావ్?" అని ప్రేమగా అన్నాడు. బయట కొన్న రోజున "ఇంటి నుంచి ఏమీ తేలేదా?" అనేది కూడా ఆయనే, అంతే ప్రేమగా.

రాజు మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే ఈ కథలో ఆయనమీద మీకు లేనిపోని కోపం వస్తుంది. గట్టిగా కసరడు. చర్చిలో పాట ఎత్తుకుంటే వెనక వరసలోని పిల్లలు కూడా అల్లరి ఆపుతారు. ఆయనకున్న లోపమల్లా ఒక్కటే, ఇంటికి ఎవరైనా వస్తామంటే కాదనలేడు. పైగా ఉన్న ఊరు చాటనూగా. అట్లాంటాలో ఉన్నవాళ్ళకి కూతవేటు దూరం. ఫ్రిస్కో వాళ్ళకీ జెర్సీ సిటీ వాళ్ళకీ లాంగ్ వీకెండ్ వస్తే పిల్లల్ని వేసుకుని దిగడానికి అనువైన ఊరు. చేపల అక్వేరియం ఉంది, కొండమీదికి నిట్టనిలువుగా ఎక్కే రైలు ఉంది, నదిమీద కార్లు తిరగని పాత వంతెన, దాని అవతల పార్కులో గుండ్రంగా తిరిగే కొయ్యగుర్రాలు, అన్నిటికన్నా వింతగా భూమి లోపల ఎక్కడో గుహలో పడే జలపాతం ఒకటి ఉన్నాయి. దాన్ని రూబీ ఫాల్స్ అంటారు.

వచ్చినవాళ్ళందరికీ ఊరు చూపించేది పర్సిస్. అయితే ఆమెకి తెలిసిన చాటనూగా వేరు. అక్వేరియం అనగానే ఆమెకి సొరచేపలు గుర్తురావు, పసివాళ్ళకి బట్టలు మార్చడానికి వీలుగా ఉండే గది ఏ మూల ఉందో గుర్తొస్తుంది. కొండ రైలు అంటే కింద స్టేషన్ దగ్గర నీడ ఎంతవరకు పడుతుందో గుర్తొస్తుంది. కొయ్యగుర్రాలంటే, ఎదురు బల్లమీద కూర్చుని అయిదుగురి చెప్పులు, మూడు నీళ్ళ సీసాలు, ఎవరిదో కళ్ళజోడు కాపలా కాయడం. ఎవరో ఒకరు బయట ఉండాలి కదా. సామానుందనో, స్ట్రోలర్ ఉందనో, నిద్రపోతున్న పిల్ల ఉందనో ఆ ఎవరో ఒకరు ప్రతిసారీ తనే అయ్యేది. ఎవరూ ఉండమనలేదు, తనూ ఉంటాననలేదు. అదంతే జరిగిపోయేది.

ఆఫీసులోనూ అదే వరస. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. డెమో తయారుచేసేది ఆమె, పెద్దవాళ్ళ ముందు నిలబడి చూపించేది మేనేజరు. "పర్సిస్ ఈజ్ అవర్ రాక్" అంటాడతను ప్రతి మీటింగ్ చివరా. రాక్ అంటే కదలకుండా ఒకచోట పడి ఉండేదని తెలిసే అంటాడేమో.

ఈసారి వచ్చినవాళ్ళు ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి, రాజు కాలేజీ స్నేహితుడు దైవాశీర్వాదం, అతని భార్య ప్రేమజ్యోతి, ఏడాదిన్నర పిల్లాడు జోయెల్. కారులో వెనక సీటులో కూర్చుని ప్రేమజ్యోతి అడిగింది.

"అక్కా, ఆ ఫాల్స్ నిజంగా అంత బావుంటుందా? మా చర్చిలో పద్మ ఆంటీ చెప్పారు, మీరు స్త్రీల కూడికలో దాని గురించి సాక్ష్యం చెప్తే అందరూ కళ్ళు తుడుచుకున్నారంట. జూమ్‌లో చూశారంట ఆవిడ."

పర్సిస్ సీట్ బెల్టు సర్దుకుంది. చెప్పిన మాట నిజమే. జూమ్ కూడికలో చీకటిలో వెలుగు ప్రకాశిస్తుందన్న వాక్యం వచ్చినప్పుడు ఆమె ఆ జలపాతం గురించే చెప్పింది. చేత్తో తడుముకుంటూ నడిచే ఇరుకు దారి, అందరూ ఒకచోట చేరగానే దీపాలన్నీ ఆర్పేయడం, కళ్ళు తెరిచినా మూసినా ఒకేలా ఉండే చీకటి, నీళ్ళ హోరు, ఉన్నట్టుండి వెలుగు, తలెత్తితే ఆ ఎత్తు నుంచి దిగివస్తున్న తెల్లటి ధార. అవతల చాలామంది నిజంగానే ఏడ్చారు.

ఆ జలపాతాన్ని పర్సిస్ ఎన్నడూ చూడలేదు.

అబద్ధం చెప్పాలని చెప్పింది కాదు. లోపలికి వెళ్ళి పైకి వచ్చినవాళ్ళ మొహాలు ఇన్నేళ్ళుగా చూసింది. "ఎలా ఉంది?" అని ఒక్కొక్కరినీ అడిగింది. ఒకరు చీకటి గురించి చెప్పారు, ఒకరు హోరు గురించి, కొడుకు ఎవాన్ చిన్నప్పుడు రెండు చేతులూ పైకెత్తి ఎంత ఎత్తో చూపించాడు. వాళ్ళు తలా కాస్త తెచ్చి ఇచ్చినదాంతో తనలో తను ఒక జలపాతం కట్టుకుంది. నువ్వు చూశావా అని ఎవరూ అడగలేదు గనక, చూడలేదని చెప్పే సందర్భమే రాలేదు. ఆ గుహలోకి స్ట్రోలర్ రానివ్వరు. మొదట ఎవాన్ పసివాడు, తరవాత చుట్టాల పిల్లలు, పోయిన ఏడాది అత్తగారు జోసఫిన్.

అత్తగారికి మోకాళ్ళ నొప్పి. "గుహలో ఏముందిలేమ్మా, నీళ్ళేగా. నా దగ్గర కూర్చో" అంది. ఇద్దరూ గిఫ్ట్ షాపు బయట బెంచీ మీద కూర్చున్నారు. ఆవిడ పర్సులోంచి జంతికలు తీసి కోడలి చేతిలో పెట్టి, ఉన్నట్టుండి చెప్పింది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏటా సువార్త సభలకి వెళ్ళానమ్మా. మీ మావయ్యగారు ఎప్పుడూ ముందు వరసే. నేను పందిరి వెనక గాడిపొయ్యి దగ్గర. మైకులో అయ్యగారు ఆదాము దగ్గర మొదలుపెడతారు, నేను పప్పు కలిపి వచ్చేసరికి యేసయ్య రెండో రాకడ అయిపోయేది. మధ్యలో ఏం జరిగిందో ఇప్పటికీ పూర్తిగా తెలీదు నాకు." అని తన మాటకి తనే పకపకా నవ్వింది. పర్సిస్ కూడా నవ్వింది. కానీ ఆ రాత్రి గిన్నెలు సర్దుతుంటే ఆ మాటే పదేపదే గుర్తొచ్చింది. అత్తగారిమీద అంత ప్రేమ పుట్టడం ఆమెకి అదే మొదలు.

"చూస్తావుగా, నువ్వే చెప్దువుగాని" అంది పర్సిస్ ప్రేమజ్యోతితో.

ముందు సీట్లోంచి రాజు ఉత్సాహంగా అందుకున్నాడు. "ఆశీర్వాదం, నెక్స్ట్ మంత్ అట్లాంటాలో తెలుగు సువార్త సభలు ఉన్నాయి, రండిరా. మా అమ్మ కూడా అప్పటికి వచ్చేస్తుంది. సాటర్‌డే లంచ్ మా ఫెలోషిప్‌దే. రెండొందల మందికి బిర్యానీ. పర్సిస్ చేస్తుందని ఆల్రెడీ చెప్పేశాను."

చెప్పేసిన సంగతి పర్సిస్‌కి అప్పుడే తెలిసింది.

పార్కింగ్‌లో కారు ఆపి రాజు ఫోన్ తీశాడు. "టికెట్లు బుక్ చేస్తున్నా. నేను, ఎవాన్, ఆశీర్వాదం, ప్రేమజ్యోతి. నలుగురికి."

ప్రేమజ్యోతి మొహమాటపడింది. "జోయెల్‌ని ఎత్తుకుని నేను బయటే ఉంటాను బావగారూ. అక్క వెళ్తుంది."

"భలేదానివే. పర్సిస్ చూసుకుంటుందిలే. తను చాలాసార్లు చూసింది."

చాలా మామూలు మాట. ఇంతకుముందు కూడా ఎన్నోసార్లు అన్నదే. అయినా డిక్కీలోంచి స్ట్రోలర్ దించుతున్న పర్సిస్ చెయ్యి ఆగింది. ఇప్పుడు నోరు విప్పితే, స్త్రీల కూడికలో అందరినీ ఏడిపించిన జలపాతం చూడనిదని తేలిపోతుంది. పద్మ ఆంటీకి రేపటికల్లా తెలుస్తుంది. నోరు విప్పకపోతే మళ్ళీ బెంచీ. ప్రేమజ్యోతి వంక చూసింది. పిల్లాడి సంచీ భుజాన తగిలించుకుని, ఉండిపోవడానికి అప్పుడే సిద్ధపడి నిలబడింది ఆ అమ్మాయి. ఆమెలో పర్సిస్‌కి తనే కనిపించింది.

"నేను చూడలేదు" అంది.

రాజు నవ్వాడు. "జోక్ చేయకు."

"ఒక్కసారి కూడా చూడలేదండీ."

"అదెలా? మనం వచ్చినప్పుడల్లా నువ్వున్నావు కదా! ఉండు, ఫొటోలుంటాయి" అని ఫోన్‌లో వెనక్కి వెనక్కి వెళ్ళాడు. జలపాతం ముందు ఫ్రిస్కో వాళ్ళు, జలపాతం ముందు పాస్టరుగారి కుటుంబం, ఎవాన్ రెండు పళ్ళు ఊడి ఒకసారి, పళ్ళొచ్చి ఒకసారి. రాజు బొటనవేలు ముందు చకచకా కదిలింది, తరవాత నెమ్మదించింది. చివరికి ఒక ఫొటో దగ్గర ఆగాడు. అది లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి తీసింది. బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో ఎవరి పిల్లనో పడుకోబెట్టుకుని, పర్సిస్ చెయ్యి ఊపుతోంది.

ఆ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. తరవాత, "మరి అంత బాగా ఎలా చెప్పావ్?" అన్నాడు మెల్లిగా.

"మీరందరూ చెప్పారుగా, విన్నాను."

దైవాశీర్వాదం గొంతు సవరించుకుని కొండవైపు తిరిగాడు. రాజు మళ్ళీ ఫోన్ తీసి, "అయితే అందరికీ తీసేస్తా, అందరం వెళ్దాం" అన్నాడు. ఆ వెంటనే ఆయన చూపు స్ట్రోలర్ మీద పడింది. అందులో జోయెల్ బూటు విప్పి దాన్ని నములుతున్నాడు. ఎవరో ఒకరు బయట ఉండాలి.

"మీరు ఉండండి" అంది పర్సిస్. గొంతులో కోపం లేదు. పులిహోర చల్లారిందని చెప్పినంత మామూలుగా అంది.

"నేనా? వాడు ఏడిస్తే?"

"ఏడుస్తాడు."

సంచీ ఆయన చేతికిచ్చింది. వైప్స్ ముందు అరలో ఉన్నాయనీ, పెరుగన్నం నీలం డబ్బాలోదనీ, నిద్రొస్తే వాడు చెవి లాక్కుంటాడనీ నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. వెతుక్కుంటాడు, తనకి మాత్రం ఎవరు చెప్పారు గనక. ఆ చెప్పకపోవడం ఆమెకి ఎంత కష్టమైందంటే, లిఫ్ట్ తలుపులు మూసుకునేదాకా పళ్ళు బిగబట్టుకునే ఉంది.

కింద దారి ఇరుకుగానే ఉంది. తను చెప్పినట్టే గోడలు చేతికి తగులుతున్నాయి. ప్రేమజ్యోతి వెనక నుంచి ఆమె చున్నీ పట్టుకుని నడిచింది. ముందు నడుస్తున్న గైడు, కాలేజీ పిల్లలా ఉంది, ఈ జలపాతాన్ని కనిపెట్టినాయన దీనికి భార్య పేరు పెట్టాడని చెప్పింది. "చూశావా వదినా, ఎంత మంచివాడో!" అన్నాడు దైవాశీర్వాదం. పేరు పెట్టడం ఎంతసేపు, అనుకుంది పర్సిస్. ఆగలేక, "ఆవిడ దీన్ని చూసిందా?" అని గైడునే అడిగింది. చూసిందట. తరవాతిసారి వచ్చినప్పుడు ఆయన ఆవిడని కూడా వెంటబెట్టుకుని వచ్చాడట. అప్పటికి ఈ దారి లేదు, ఇద్దరూ రాళ్ళ మధ్య పాక్కుంటూ వచ్చారట. ముక్కూమొహం తెలియని ఆ రూబీ గురించి పర్సిస్‌కి ఎందుకో పట్టరానంత సంతోషం కలిగింది.

దీపాలు ఆరిపోయాయి. వెలుగు వచ్చే క్షణమే గొప్పదని కూడికలో చెప్పింది తను. కాదు. గొప్పది చీకటే. ఆ చీకట్లో ఎవరూ ఆమెని పిలవలేదు, ఏది ఎక్కడుందని అడగలేదు. రెండు చేతులూ ఖాళీగా వేలాడుతున్నాయి. చేతులు ఖాళీగా ఉంటే ఇంత తేలికగా ఉంటుందా అని ఆశ్చర్యపోయింది. తరవాత వెలుగు వచ్చింది. ధార ఎత్తుగానే ఉంది, తెల్లగానే ఉంది, అన్నీ విన్నవే. కానీ మొహంమీద సన్నగా తుంపర పడింది. చల్లగా, పెదవులమీద, కనురెప్పలమీద. తుంపర పడుతుందని ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు.

పర్సిస్ ఏడ్చింది. పక్కవాళ్ళకి వినపడేలాగే ఏడ్చింది. ఎవాన్ కంగారుగా "అమ్మా, ఆర్ యూ ఓకే?" అంటే, "బావుందిరా నాన్నా, చాలా బావుంది" అంది.

పైకి వచ్చేసరికి బెంచీ మీద రాజు ఉన్నాడు. చొక్కామీద పెరుగన్నం, భుజంమీద నిద్రపోతున్న జోయెల్, వాడి కాలికి ఒకటే బూటు. సంచీలోని సామానంతా బెంచీ మీద గుట్టగా పోసి ఉంది. ఫోన్ ఆ గుట్ట అడుగున ఎక్కడో ఉంది. ప్రేమజ్యోతి నవ్వు ఆపుకుంటూ పిల్లాడిని అందుకుంది.

పర్సిస్ పక్కన కూర్చోగానే రాజు అడిగాడు, వెటకారం ఏమీ లేకుండా, నిజంగా తెలుసుకోవాలని.

"ఇన్నాళ్ళూ ఇక్కడ కూర్చుని ఏం చేసేదానివి పర్సీ?"

"మీరెప్పుడు వస్తారా అని చూసేదాన్ని."

రాజు తల వంచుకున్నాడు. చొక్కామీది మెతుకు ఒకటి తీసి, ఎక్కడ వెయ్యాలో తెలియక అరచేతిలో పట్టుకున్నాడు. "ఎలా ఉంది లోపల?" అన్నాడు. ఆ ప్రశ్న ఆయన ఆమెని అడగడం అదే మొదటిసారి.

"తుంపర పడుతుంది. మీరెవరూ చెప్పలేదు."

పర్సిస్ ఆయన చేతిలోని మెతుకు తీసి పక్కన పడేసి, సంచీ సర్దబోయి, ఆగి, సంచీని ఆయనవైపే జరిపింది. ఆయన సర్దడం మొదలుపెట్టాడు.

"ఏవండీ" అంది పర్సిస్, కొండ కింద ఊరివైపు చూస్తూ. "అట్లాంటాలో ఆ బిర్యానీ మీరూ మీ ఫ్రెండ్సూ కలిసి చేయండి. ఎలా చేయాలో చెప్తాను, పక్కన మాత్రం నిలబడను. ఆ రోజు అత్తయ్యగారూ నేనూ ముందు వరసలో కూర్చుంటాం, ఆదాము దగ్గర్నుంచి ఆఖరి ఆమేన్ దాకా."