ఖాళీ వల మర్యాద

సముద్రం మీద చేపల వేటకెళ్లి ఖాళీ వలతో తిరిగొచ్చిన మనిషిని మా గిలకలదిండిలో ఎవరూ ఏమీ అడగరు. కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టి ఊరుకుంటారు. మంచి మర్యాదే, కాదనను. కానీ మా తమ్ముడు కళ్యాణ్ విషయంలో ఆ మర్యాద చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

వాడికి పంతొమ్మిదేళ్లు. బెంగుళూరులో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు నిరుడు వాణ్ణి జీతమిచ్చి తీసుకుంది. ఏడాదంతా బెంచీ మీద కూర్చోబెట్టి, చివర్లో ఒక్క మ్యాచ్‌లో దింపారు. మేమంతా ఫోన్లో చూశాం. వాడు గోల్‌కీపర్‌కి వెనక్కి ఇవ్వబోయిన బంతి అవతలి జట్టువాడి కాలికి చిక్కి, గోల్ పడింది. క్లబ్బు ఓడిపోయింది.

వాడు ఇంటికొచ్చిన రోజే నాన్న మా అందరికీ కళ్లతో సైగ చేశాడు. అంతే, ఇంట్లో ఫుట్‌బాల్ అన్న మాట లేదు. అమ్మ చందువా చేపల పులుసు పెట్టింది. బయట కనబడ్డవాళ్లు ఎండల గురించి మాట్లాడారు. వాడు రోజురోజుకీ ముడుచుకుపోయాడు. ఒక పొద్దున నాన్న వల బాగుచేస్తుంటే పక్కన కూర్చుని, "సర్కారు ఈ ఎండాకాలపు వేట నిషేధం ఎత్తేశాక నేనూ నీతో పడవలో వస్తా నాన్నా" అన్నాడు. మహానుభావుడు పెద్దిరాజు, మా నాన్న, అప్పుడూ ఎందుకని అడగలేదు!

ఇక నావల్ల కాలేదు. "ఆ రోజు బంతి అట్లా ఎందుకిచ్చావురా?" అన్నాను.

నాన్న నా వంక గుర్రుగా చూశాడు. కళ్యాణ్ ఏడ్చేశాడు.

"ఇన్నాళ్లకి ఒక్కళ్లడిగారక్కా! నా మొహం చూడ్డానికే మీకు సిగ్గేమో అనుకున్నా."

కంగారులో చూసుకోకుండా ఇచ్చేశాడట. క్లబ్బు వాణ్ణి తీసెయ్యలేదు, రెండో జట్టులో ఆడమంది. వస్తాడో రాడో ఆ సాయంత్రంలోగా చెప్పాలి.

"రెండో జట్టంటే పరువు తక్కువక్కా. అందరూ నవ్వుతారు."

నాన్న వల పక్కన పెట్టాడు. "మా నాన్న నాచేత మూడేళ్లు పడవలో నీళ్లు తోడించాడు. వల ముట్టనిస్తేనా! నా ఈడోళ్లంతా నవ్వేవాళ్లు. పారిపోదామనుకున్నా."

"ఎప్పుడూ చెప్పలేదేం నాన్నా?" అన్నాను.

"నువ్వెప్పుడన్నా అడిగావా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. కళ్యాణ్ గుమ్మం బయటికెళ్లి కోచ్‌కి ఫోన్ చేశాడు. వస్తానని చెబుతున్నాడు. వాడు ఇంకా మాట్లాడుతూ ఉండగానే నాన్న లేచి వెళ్లి వాడి భుజం తట్టాడు.

"ఏమన్నాడ్రా?" అని అడిగాడు.