కాలు దిగిన లారీ

నేను నడుపుతున్న లారీ బోల్తాపడ్డ నాటినుంచి నా కుడికాలు నా మాట వినడం మానేసింది. అన్నం తింటున్నా, పడుకున్నా బ్రేకు తొక్కినట్టు నేలనో గోడనో తొక్కుతూనే ఉండేది. నరాల జబ్బని ఒకరు, నటనని ఒకరు, నోరున్నవాళ్లంతా వైద్యులే.

చివరికి ఒంట్లో ఉండిపోయిన ప్రమాదపు భయాన్ని పోగొట్టే చికిత్సకు వెళ్తే, అక్కడి డాక్టరమ్మ నన్ను చాపమీద పడుకోబెట్టి, పాదానికి తన అరచెయ్యి ఆనించింది. "కాలిని ఆపకండి. ఆరోజు తొక్కలేకపోయిన బ్రేకు ఇప్పుడు నిదానంగా, పూర్తిగా తొక్కనివ్వండి."

తొక్కాను. గది రోడ్డులా సాగింది. గోడలు పొగమంచులా పక్కనుంచి జారిపోయాయి. తొడ వణికింది. ఆవిడ చెయ్యి పెడల్‌లా మెల్లగా వెనక్కి జరిగి, ఆగింది. లారీ కూడా ఆగింది.

ఆ పూట భోజనం దగ్గర మా ఆవిడ బల్ల కిందికి వంగి చూసింది.

"కాలు ఇవాళ ఊరుకుందేంటండీ?"

"ఇప్పుడే లారీలోంచి దిగింది" అన్నాను.